పులుసు పేజీలో గరిటె పెట్టాను

మొన్నామధ్య ఒక శుక్రవారం మా ఇంట్లో జరిగింది చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి, ఏం చేస్తాం! కానీ ఆ రోజు పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నా ప్రాణం నా దగ్గర లేదు. అదంతా అయ్యాక నాకో బిరుదు కూడా దక్కింది. అదేంటో ఆఖర్న చెప్తా. ముందు టీ తీసుకోండి, చల్లారిపోతుంది.

మా అత్తమ్మ కాశింబీ చేతి వంటల మీద నేను నాలుగేళ్లుగా బ్లాగు రాస్తున్నానని మీకు తెలుసు కదా. ఆమె వండుతుంది, నేను పక్కన నిలబడి రాసుకుంటా. "కారం ఎంత అత్తమ్మా?" అంటే "చాలినంత." "ఉప్పు?" "చూసుకుని." ఆ 'చాలినంత'ని స్పూన్లలోకి మార్చడమే నా ఉద్యోగం. ఎవరు చదివారో, ఎట్లా చదివారో గానీ, అందులో చేపల పులుసు పోస్టు పోయిన ఏడాది సెర్చ్‌లో ఫస్ట్ వచ్చేసింది. 'నెల్లూరు చేపల పులుసు' అని కొడితే మొట్టమొదట మాదే!

అప్పట్నుంచీ అత్తమ్మని పట్టలేం. గ్యాస్ బండ తెచ్చినాయన్ని కూడా వదల్లేదు. "నీ ఫోన్ తియ్యి నాయనా. పులుసు అని కొట్టు." మన ఫోన్‌లో చూపిస్తే లెక్క కాదట, మనమే ఏదో చేశామనుకుంటారట. ఎవరి ఫోన్‌లో వాళ్లే చూసుకోవాలి. ఆమెకి చదువు రాదు. కానీ మొదటి వరసలో వచ్చే బొమ్మని గుర్తుపడుతుంది. అంచు విరిగిన తన మట్టి దాక. "అదిగో, నా దాక!" అని వేలు పెట్టి చూపిస్తుంది. ఆ ముఖం చూడాలి మీరు.

ఆ వేలు చూపించాలని ఆమె అసలు ఎదురుచూస్తున్నది ఒక్క మనిషి కోసమే. మా మామయ్య చెల్లెలు, అత్తమ్మకి ఆడబిడ్డ, కావలిలో ఉండే హుసేన్‌బీ అత్త.

నలభై ఏళ్ల నాటి కథ అది. అత్తమ్మ పుట్టింటి వాళ్లది మెట్ట ఊరు. అక్కడ చేప అంటే చెరువు నిండిన ఏడాది కనిపించే వస్తువు. కొత్తగా కాపురానికొచ్చి, మొదటిసారి చేపల పులుసు పెట్టింది. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదని మన వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. గుడ్డతో దాకని రెండు పక్కలా పట్టుకుని మెల్లగా తిప్పాలి, అంతే. పాపం ఆమెకి ఎవరూ చెప్పలేదు. గరిటె పెట్టి పప్పు కలిపినట్టు కలిపింది. ముక్కలన్నీ చితికిపోయి ముళ్లు పైకి తేలాయి. హుసేన్‌బీ అత్త పళ్లెంలోకి చూసి, "ఏంది వదినా, చేపల్తో పప్పు చేసినావా?" అన్నది.

అంతే! ఆ రోజు నుంచి మా చుట్టాలందరిలో అత్తమ్మ పేరు 'చేపల పప్పు'. తర్వాత ఆమె ఎంత గొప్పగా పులుసు పెట్టినా ఆ పేరు పోలేదు. చివరికి నా పెళ్లిలో కూడా ఎవరో ముసలామె నన్ను పట్టుకుని, "ఎవరింటికి కోడలుగా పోతుండావు, చేపల పప్పోళ్లింటికా?" అని అడిగింది. అత్తమ్మ పక్కనే ఉంది. నవ్వింది. కానీ ఆ నవ్వు నేను చూశాను.

మోకాళ్ల నొప్పులని హుసేన్‌బీ అత్త మూడేళ్లుగా నెల్లూరు రాలేదు. ఆ బుధవారం ఫోన్ చేసింది, శుక్రవారం కళ్లాసుపత్రికి వస్తున్నా, మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే అని. అత్తమ్మ ఫోన్ పెట్టేసి ఒక్కటే మాటన్నది.

"రానీ. ఆమె ఫోన్‌లో ఆమే చూడాల."

గురువారం ఇల్లంతా కడిగాం. బూజు దులిపాం, పరుపులు మేడ మీద ఎండేశాం. మంచి కొర్రమీను దొరికింది. అత్తమ్మ గురువారం మధ్యాహ్నానికే పులుసు పెట్టేసింది. ఒకరోజు నిలవుంటేనే కదా దానికి రుచి! మామిడికాయ ముక్కలేసి, దాకని రెండుసార్లు తిప్పి, దించి, మూత పెట్టి, "ఇంక దీని జోలికి ఎవరూ పోవద్దు" అని ఆర్డర్ వేసి వెళ్లి పడుకుంది.

నేను కూడా పడుకుని ఉంటే ఏ గొడవా లేదు. ఒళ్లు కొవ్వెక్కి లాప్‌టాప్ తెరిచాను.

ఎందుకంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది. బ్లాగులో 'ఆడబిడ్డ పోరు' అని ఒక ట్యాగ్ పెట్టాను! దాని కింద రెండు పోస్టులు. పేరు రాయలేదు గానీ, కావలి ఉంది, మోకాళ్లు ఉన్నాయి, టీలో నాలుగు చెంచాల చక్కెర ఉంది. ఇంకెవరని అనుకుంటారు? పులుసు చూసినామె పక్కనున్నవి కూడా చూస్తే? గబగబా ఆ ట్యాగ్ తీసేశాను. అక్కడితో ఆగాల్సింది.

తీశాక మిగతా ట్యాగుల జాబితా కంటపడింది. పోస్టులు నూట ముప్ఫై ఉంటే ట్యాగులు మూడొందల పైచిలుకు! 'చేప', 'చేపలు', 'చేపల కూర', 'చేపల కూరలు'. 'వాన రోజు'. 'కరెంటు పోయిన రోజు'. ఒకటైతే ఉట్టి 'అబ్బా' అని ఉంది. ఏం రుచి చూసి పెట్టానో నాకే తెలీదు. ఇల్లంతా అద్దంలా కడిగి, ఇది మాత్రం ఇట్లా వదిలేస్తామా?

ట్యాగులూ కేటగిరీలూ అంటే పెద్ద విషయమేం కాదు. కేటగిరీ అంటే బీరువాలో అర. ట్యాగ్ అంటే మూట మీద అంటించే చీటీ. ర్యాంకు చెడకుండా వాటిని సర్దుకోవడం ఎట్లా అని నేను అంతకుముందే ఎక్కడో ఒక వ్యాసం మొదలుపెట్టాను. 'అక్కర్లేని ట్యాగులు ఎక్కువైతే నష్టమే' అన్నచోటికి రాగానే కుక్కర్ విజిలేసింది. మిగతాది తర్వాత చదువుదాంలే అని లేచాను. ఆ 'మిగతాది'లో ఏముందో తర్వాత తెలిసింది. ముందు కాపీ తీసి దాచుకోండి, జనం ఎక్కువగా వచ్చే పేజీల జోలికి పోకండి, ఏది మార్చినా కొంచెం కొంచెం మార్చండి. మొత్తం అసలు సంగతంతా విజిల్ తర్వాతే ఉంది!

గంటలో రెండొందల యాభై ట్యాగులు లేపేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత కేటగిరీల మీద పడ్డాను. 'శుక్రవారం' అని ఒక అర. అందులో ఒకే ఒక్క పోస్టు, చేపల పులుసు. ఎప్పుడో శుక్రవారం నాడు రాశానని అందులో పెట్టాను. శుక్రవారం అనేది వంటకమా? కాదు కదా! పులుసుని తీసి 'చేపలు' అనే అరలో పెట్టి, 'శుక్రవారం'ని చెరిపేశాను.

సాయంత్రం అత్తమ్మ లేచి నా ముఖం చూసి అడిగింది.

"ఏందిమే, అంత హుషారుగా ఉండావు?"

"బ్లాగు సర్దినా అత్తమ్మా."

"పులుసు జోలికి పోలేదు కదా?"

"లేదులే."

అబద్ధం కాదు. పులుసుని ముట్టుకోలేదు, అర మార్చానంతే. ఆ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

శుక్రవారం పొద్దున పదింటికి మా ఆయన మస్తాన్ టైలరింగ్ షాపు నుంచి ఫోన్ చేశాడు. ఈయన కూడా తల్లి లాంటివాడే, బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చిన వాళ్లకల్లా పులుసు పేజీ చూపిస్తాడు.

"రజియా, అమ్మ పేజీ తెరుచుకోవడం లేదు. 'మీరు వెతికే పేజీ ఇక్కడ లేదు' అని వస్తా ఉంది."

"మీ సిగ్నల్ సరిగ్గా లేదేమో."

"నాకు సిగ్నల్ ఉంది. పేజీయే లేదు."

లాప్‌టాప్ తీసి వెతికాను. ఫస్ట్ ప్లేస్‌లో మా దాక ఉంది. నొక్కాను. తెల్లటి పేజీ. 'మీరు వెతికే పేజీ ఇక్కడ లేదు.'

అప్పుడు వెలిగింది. మా బ్లాగులో ప్రతి పేజీ చిరునామాలో కేటగిరీ పేరు కూడా ఉంటుంది! నేను అర మార్చగానే పులుసు ఇల్లు మారిపోయింది. సెర్చ్‌లో ఉన్నది పాత ఇంటి అడ్రసు. జనమంతా వచ్చి ఖాళీ ఇంటి తలుపు కొట్టి వెళ్లిపోతున్నారు. ఇట్లా ఎంతమంది వెళ్లిపోతే ఫస్ట్ నుంచి కిందకి తోసేస్తారో!

సరే, 'శుక్రవారం' మళ్లీ తెరిచి పులుసుని అందులోనే పెట్టేద్దాం అనుకున్నాను. తెరిచాను. అది తనంతట తను చిరునామాలో చివర ఒక 'రెండు' అంకె చేర్చుకుంది. శుక్రవారం-రెండు! అంటే ఇప్పుడు పులుసుకి మూడో ఇల్లు. అల్లా!

"రజియా!" వంటింట్లోంచి అత్తమ్మ. "గాజు పళ్లేలు తియ్యమంటావా, స్టీలువా?"

"గాజువే అత్తమ్మా!"

సూళ్లూరుపేటలో చీరల మీద బ్లాగు రాసే సునీతక్కకి ఫోన్ కొట్టాను. గుసగుసగా మొత్తం చెప్పాను. ఆమె విని అడిగిన మొదటి ప్రశ్న:

"సర్దేముందు కాపీ తీసి పెట్టుకున్నావా?"

నేను లేచి గది తలుపు దగ్గరికి వేశాను.

"రజియా, తీసినావా లేదా?"

"అక్కా, అత్తమ్మ ఇక్కడే ఉంది, గట్టిగా మాట్లాడలేను."

"అంటే తీయలేదు. సరే, ఏడవబాక. రీడైరెక్ట్ పెట్టు. ఇల్లు మారినప్పుడు పాత తలుపు మీద 'ఫలానా వీధికి పోయినాం' అని చీటీ అంటిస్తాం కదా, అదే. వచ్చినోళ్లు వాళ్లంతట వాళ్లు కొత్త పేజీకి పోతారు. కాకపోతే ఒక్కసారి పెట్టి వదిలెయ్. కెలికే కొద్దీ ఇంకా చెడిపోద్ది."

ఆ చీటీ అంటించే చోటు వెతుక్కోవడానికే గంట పట్టింది. ఈలోపు అత్తమ్మ నాలుగుసార్లు గదిలోకొచ్చింది. ఏ చీర కట్టుకోవాలని ఒకసారి. నిమ్మకాయలు ఎక్కడ పెట్టావని ఒకసారి. నాలుగోసారి తలుపు దగ్గర నిలబడి, "రజియా, ఆ ఫొటోలో దాక అంచు విరిగినట్టు కనబడుతుందా? ఆమె దాన్ని పట్టుకుని ఏమన్నా అంటదేమో" అన్నది. ఎంత భయంగా అడిగిందనుకున్నారు! అరవై దాటిన మనిషి. నేను పాడు చేసింది పేజీని కాదు, ఈమె నలభై ఏళ్లని.

"ఏమీ కనబడదు అత్తమ్మా. చాలా బాగుంటుంది."

పన్నెండున్నరకి రీడైరెక్ట్ పెట్టే పేజీ తెరుచుకుంది. రెండు గళ్లు. పాత చిరునామా ఇక్కడ. ఏ పోస్టుకి పంపాలో అక్కడ. రెండో గడిలో 'చేపల' అని కొట్టానో లేదో, వీధిలో ఆటో హారన్!

"వదినా! ఆసుపత్రిలో పని తొందరగా అయిపోయింది!"

ఒంటిగంటన్నరకి రావాల్సిన మనిషి! అత్తమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని గుమ్మం వైపు పరిగెత్తింది. గడి కింద నాలుగైదు పోస్టులు వచ్చాయి. అన్నీ 'చేపల' అనే మొదలు, సగం పేరుతో ఆగిపోయి ఉన్నాయి. పైదాన్ని నొక్కాను. సేవ్ కొట్టాను. వెంటనే నా ఫోన్ తీసి సెర్చ్‌లో వెతికి, దాక మీద నొక్కాను.

తెరుచుకుంది! పులుసు, ఫొటో, కొలతలు, అన్నీ ఉన్నాయి! ఫోన్‌ని ముద్దు పెట్టుకున్నాను.

(నా ఫోన్ తన దగ్గర దాచుకున్న పాత కాపీని చూపించిందని తర్వాత సునీతక్క చెప్పింది. నేను రోజూ చూసే పేజీ కదా. దొంగది, నా ఫోనే నన్ను మోసం చేసింది.)

బయటికొచ్చి చూస్తే హుసేన్‌బీ అత్త నల్ల కళ్లద్దాలతో కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లలో మందు వేశారట, సాయంత్రం దాకా దగ్గరి వస్తువులేవీ కనబడవట.

"ఏమీ కనబడ్డం లేదు వదినా. నువ్వు కూడా మసగ్గానే ఉండావు."

అత్తమ్మ ముఖం వాడిపోయింది. ఏడాదిగా ఎదురుచూసి చూసి, తీరా మనిషొస్తే చూపు లేదు! నేను మాత్రం లోపల్లోపల హమ్మయ్య, బతికిపోయా అనుకున్నాను. అయినా అంతా బాగయిపోయింది కదా, చూస్తే మాత్రం ఏం?

"మస్తాన్ రానీ," అన్నది అత్తమ్మ. "వాడు చదువుతాడు. నువ్వు విందువు గానీ."

జుమ్మా నమాజు అయి మా ఆయన ఇంటికొచ్చేసరికి రెండు కావస్తోంది. ఆకలితో అందరి ప్రాణాలూ పోతున్నాయి. అత్తమ్మ దాక తెచ్చి మధ్యలో పెట్టింది గానీ మూత తీయలేదు. ముందు ఆ పేజీ చూపించడం కావాలి.

"హుసేన్‌బీ, నీ ఫోన్ ఇయ్యి. మస్తానూ, అత్త ఫోన్‌లో కొట్టరా."

"నా ఫోన్‌లో చూద్దాం..." అని నేను ఎందుకైనా మంచిదని చేయి చాపాను.

"నువ్వు గమ్మునుండు. ఆమె ఫోన్‌లోనే."

మా ఆయన కొట్టాడు. "మొదటిదే, అత్తా! మొట్టమొదటిది!" అని ఫోన్ అటు తిప్పాడు. అత్తమ్మ వేలు పెట్టి, "అదిగో, నా దాక!" అన్నది.

"చదువు మస్తానూ," అన్నది హుసేన్‌బీ అత్త, చెవి ఇటు పెట్టి.

మా ఆయనకి ముందు చూసి తర్వాత చదివే అలవాటు లేదు. దాక మీద నొక్కి, గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు చదివాడు.

"చేపల నీచు వాసన వదిలించుకునేది ఎట్టా! కాశింబీ చెప్పిన ఐదు చిట్కాలు!"

మా ఆయన అప్పుడు చూశాడు. అత్తమ్మ ఫోన్‌లోకి వంగి చూసింది. అందులో దాక లేదు. నిమ్మచెక్కతో రుద్దుకుంటున్న చేతులున్నాయి.

"ఇదేంది? ఇవి నా చేతులు కదా! పులుసేది?"

హుసేన్‌బీ అత్త పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "వదినా! తినకముందే కడుక్కోమంటుండావా?"

అత్తమ్మ పైట కొంగుతో దాక మూత తుడిచింది. శుభ్రంగా ఉన్న మూతని మళ్లీ తుడిచింది. ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చేసింది. నిజంగానే ఏడ్చాను.

"నేనే అత్తమ్మా. అత్తమ్మది కాదు హుసేన్‌బీ అత్తా తప్పు, నాది. నిన్న నేను ట్యాగులు సర్దినా, కేటగిరీ మార్చినా, అడ్రసు పోయింది, రీడైరెక్ట్ తప్పు పెట్టినా..."

"ఏం భాషమే అది?" అన్నది హుసేన్‌బీ అత్త. "మనుషులకి అర్థమయ్యేట్టు చెప్పు."

ఎట్లా చెప్పాలో తెలీలేదు. ఎదురుగా దాక కనబడింది.

"ఉడికే పులుసులో గరిటె పెట్టినా అత్తా. బాగా కలిపేసినా."

హుసేన్‌బీ అత్త నవ్వు ఆగిపోయింది. నల్ల కళ్లద్దాలు అత్తమ్మ వైపు తిరిగాయి. అత్తమ్మ ఆమె వైపు చూసింది. అప్పుడు అత్తమ్మ, మా అత్తమ్మే, ఫక్కున నవ్వింది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేట్టు నవ్వారు. డాక్టరు వేసిన మందంతా ఆ నవ్వులోనే పోయి ఉంటుంది.

"నీ కోడలే వదినా! అచ్చం నీ కోడలే!"

అత్తమ్మ మూత తీసి వడ్డించింది. చూపు లేదు కాబట్టి హుసేన్‌బీ అత్త వేళ్లతో తడుముకుంటూ తిన్నది. ముక్కని ఒకవైపు నుంచి ఇంకోవైపు దాకా వేలితో నిమిరింది. తుంచి నోట్లో పెట్టుకుంది.

"ముక్క చెక్కుచెదరలా వదినా," అన్నది చివరికి. "మా అమ్మ కూడా ఇట్టా పెట్టలా." మూడోసారి వడ్డించుకున్నాక, "ఇంక ఆ పేరుతో నిన్ను పిలవను. ఎవురన్నా పిలిస్తే నాతో చెప్పు" అన్నది. ఆ మాట కోసం ఏ సెర్చ్ అక్కర్లేకపోయింది చూడండి. చేయి కడుక్కోవడానికి మాత్రం నిమ్మచెక్క అడిగి తీసుకుంది. వాసన బాగానే పోయిందట.

భోజనాలయ్యాక అత్తమ్మ నా నెత్తిన నిలబడి రీడైరెక్ట్ మార్పించింది. సరైన పోస్టు నొక్కి సేవ్ చేయగానే లాప్‌టాప్ మూత తనే మూసేసింది.

"ఒకసారి తిప్పినావు కదా, ఇంక వదిలెయ్. నిలవుండనీ. మూత తీసి తీసి చూడబాక."

నాలుగో రోజుకి పులుసు ఐదో స్థానానికి పడిపోయింది. ఇప్పుడు మూడులో ఉంది, మెల్లగా పైకొస్తోంది. అత్తమ్మకి పెద్ద పట్టింపు లేదు. పట్టింపంతా నాకే.

బిరుదు సంగతి చెప్తానన్నాను కదా. హుసేన్‌బీ అత్త ఆటో ఎక్కేముందు నన్ను దగ్గరికి పిలిచి, బుగ్గ పట్టుకుని, "నలభై ఏళ్ల పేరు ఊరికే పోనియ్యకూడదు గదమ్మా" అన్నది. కావలి చేరేలోపే చుట్టాల గ్రూపులో పెట్టేసింది. మా వాళ్లెవర్నైనా ఇప్పుడు 'చేపల పప్పు' ఎవరని అడిగి చూడండి. మొట్టమొదట వచ్చేది నా పేరే. ఏ ట్యాగ్ తీసినా, ఏ అర మార్చినా, ఆ ర్యాంకు మాత్రం ఇంకో నలభై ఏళ్లు కదలదు!